పిల్లవాడికి ప్లీడరెందుకు?

మర్యాద రామన్న కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నలుగురు మనుషులు ఒక పేదరాసి పెద్దమ్మ దగ్గిర డబ్బు దాచి, "మేం నలుగురమూ కలిసి వచ్చి అడిగితేనే ఇవ్వు," అన్నారు. వారిలో ఒకడు మాయచేసి ఆ డబ్బు కాజేసి పారిపోయాడు. మిగిలిన ముగ్గురూ పెద్దమ్మ మీద ఫిర్యాదు చేశారు. "డబ్బు నీ దగ్గిర దాచారు గనక నువ్వే ఇచ్చుకోవాలి," అని తీర్పు వచ్చింది. ముసలమ్మ ఏడుస్తూ పోతూంటే, దారిలో ఆడుకుంటున్న రామన్న అనే కుర్రవాడు సంగతంతా విని, "నలుగురూ కలిసి వస్తే గదా నువ్వు ఇవ్వవలసింది! ఆ నాలుగోవాణ్ణి కూడా తీసుకురమ్మను. అప్పుడిస్తానని చెప్పు," అన్నాడు.

రామన్న తెలివితేటలను అందరూ మెచ్చుకుంటారు. కాని ఈ కథలో మరొక విశేషం ఉన్నది. మొదటి తీర్పు చెప్పినవాడు దుర్మార్గుడు కాడు. లంచం తినలేదు. పెద్దమ్మ మీద అతనికి పగ లేదు. అయినా ఆ తీర్పు అన్యాయమైంది. ఎందుకంటే, తన పక్షాన ఉన్న న్యాయమేమిటో ముసలమ్మకు చెప్పుకోవటం చేతకాలేదు. ఆమె కోసం చెప్పేవారు మరొకరు లేరు.

న్యాయం చెప్పేవాడు మంచివాడైతే సరిపోతుందా? లేక ఎంత మంచివాడైనా కొన్ని నియమాలు పాటించి తీరాలా? ఈ ప్రశ్న కథల్లోనే కాదు, నిజంగా కూడా వచ్చింది. అమెరికా దేశపు సుప్రీంకోర్టు దీన్ని విచారించి 1967లో తీర్పు చెప్పింది. ఈసారి ముసలమ్మ స్థానంలో నిలబడినవాడు పదిహేనేళ్ళ కుర్రవాడు.

పిల్లల కోర్టులు ఎలా పుట్టాయి?

పూర్వం అమెరికాలోనూ, ఇంగ్లండులోనూ తప్పుచేసిన పిల్లలకు వేరే కోర్టులుండేవి కావు. ఏడేళ్ళు నిండని పిల్లవాడికి నేరమంటే ఏమిటో తెలియదని చట్టం ఒప్పుకునేది. ఏడు దాటి పధ్నాలుగు లోపలివాడికి కూడా తెలియదనే అనుకునేవారు గాని, తెలుసునని రుజువు చేస్తే వాడికి శిక్ష తప్పేది కాదు. పెద్దవాళ్ళను విచారించే కోర్టులోనే పిల్లలనూ విచారించేవారు. పెద్దవాళ్ళను పెట్టే జైల్లోనే పిల్లలనూ పెట్టేవారు. రొట్టె దొంగిలించి జైలుకు వెళ్ళిన పిల్లవాడు, అక్కడ ఆరితేరిన దొంగల దగ్గిర విద్య నేర్చుకుని తిరిగివచ్చేవాడు.

ఇది చూసి బాధపడినవారిలో షికాగో నగరంలోని కొందరు స్త్రీలు ముఖ్యులు. బీదవాళ్ళ పేటలో హల్ హౌస్ అనే సేవాసంస్థను నడిపిన జేన్ ఆడమ్స్, ఆమెతో పనిచేసిన జూలియా లాత్రప్, ధర్మకార్యాల్లో పేరుపొందిన లూసీ ఫ్లవర్ అందుకోసం చాలా పాటుపడ్డారు. (జేన్ ఆడమ్స్‌కు 1931లో నోబెల్ శాంతి బహుమానం వచ్చింది.) వీరి కృషి ఫలితంగా ఇల్లినాయ్ రాష్ట్రం 1899లో ఒక చట్టం చేసింది. ఆ ఏడు జులైలో షికాగోలో పిల్లలకోసం ప్రత్యేకమైన కోర్టు మొదలయింది. పాతికేళ్ళు తిరిగేసరికి అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఇలాంటి కోర్టులు వెలిశాయి.

ఈ కొత్త కోర్టుల ఆశయం చాలా గొప్పది. "ఈ పిల్లవాడు ఏం నేరం చేశాడు? ఏం శిక్ష వెయ్యాలి?" అని అడగటం మాని, "వీడు ఇలా ఎందుకయ్యాడు? వీణ్ణి బాగుచెయ్యటం ఎలా?" అని అడగాలన్నారు. న్యాయాధిపతి ఎత్తయిన పీఠంమీద కూర్చోకుండా, పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తండ్రిలాగా మాట్లాడాలన్నారు. నేరం అనే మాట పోయింది. జైలు అనే మాట కూడా పోయి, దాని స్థానంలో పారిశ్రామిక పాఠశాల అనే పేరు వచ్చింది.

అంతవరకూ బాగానే ఉన్నది. కాని న్యాయాధిపతే తండ్రి అయినప్పుడు తండ్రితో వాదించటానికి ప్లీడరెందుకు? సాక్షులెందుకు? అన్న మాటలన్నీ కాగితంమీద రాసిపెట్టటమెందుకు? ఇవన్నీ అనవసరమని చాలామంది అనుకున్నారు. ఆ విధంగా, పెద్దవాళ్ళ కోర్టులో అతి కిరాతకుడైన హంతకుడికి కూడా ఉండే రక్షణలు, పిల్లల కోర్టుకు వచ్చిన పిల్లవాడికి లేకుండా పోయాయి. ఇలా అరవై ఏళ్ళకు పైగా జరిగింది.

ఒక టెలిఫోను కబురు

అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్సు నగరానికి తూర్పున, గ్లోబ్ అనే చిన్న ఊరున్నది. రాగి గనులకు పేరుపొందిన కొండప్రాంతం అది. ఆ ఊళ్ళో జెరాల్డ్ గాల్ట్ అనే కుర్రవాడు ఉండేవాడు. అతనికి పదిహేనేళ్ళు.

1964 జూన్ 8 సోమవారంనాడు, పొరుగున ఉండే ఒకావిడ, తనకు ఎవరో కుర్రవాళ్ళు టెలిఫోను చేసి అసభ్యంగా మాట్లాడారని ఫిర్యాదు చేసింది. పోలీసు అధికారి వచ్చి జెరాల్డ్‌నూ, అతని స్నేహితుణ్ణీ పట్టుకుపోయాడు. ఆ సమయానికి జెరాల్డ్ తల్లీ, తండ్రీ పనికి పోయి ఉన్నారు. పిల్లవాణ్ణి తీసుకుపోతున్నట్టు ఇంట్లో ఒక చీటీ అయినా పెట్టలేదు. ఎవరికీ కబురు చెయ్యలేదు.

సాయంకాలం ఆరుగంటలకు తల్లి ఇంటికి వచ్చింది. కొడుకు లేడు. పెద్దకొడుకును స్నేహితుడి ఇంటికి పంపి వాకబు చేయిస్తే, జెరాల్డ్‌ను పట్టుకుపోయారని తెలిసింది. ఆమె కంగారుగా పిల్లల నిర్బంధ గృహానికి వెళ్ళింది. "మర్నాడు మూడుగంటలకు విచారణ," అని అక్కడి అధికారి చెప్పాడు.

మర్నాడు ఆ అధికారి కోర్టులో ఒక కాగితం దాఖలు చేశాడు. జెరాల్డ్ ఏం చేశాడో, ఎప్పుడు చేశాడో, ఎవరికి చేశాడో అందులో ఒక్క ముక్క లేదు. ఈ బాలుడు పద్ధెనిమిదేళ్ళ లోపువాడనీ, బాలనేరస్థుడనీ, ఇతనికి కోర్టు రక్షణ అవసరమనీ మాత్రమే ఉన్నది. ఆ కాగితాన్ని కూడా తల్లిదండ్రులకు చూపలేదు. వారు దాన్ని మొదటిసారిగా చూసింది రెండు నెలల తరవాత!

జూన్ 9న విచారణ న్యాయాధిపతి గదిలో జరిగింది. తండ్రి పనిమీద ఊరికి దూరంగా ఉన్నాడు. ఫిర్యాదు చేసినావిడ రానేలేదు. ఎవరిచేతా ప్రమాణం చేయించలేదు. ఎవరేమన్నారో రాసుకోలేదు. నువ్వు మాట్లాడవలసిన పని లేదనిగాని, ప్లీడరును పెట్టుకోవచ్చుననిగాని జెరాల్డ్‌కు ఎవరూ చెప్పలేదు. రెండుమూడు రోజులు నిర్బంధంలో ఉంచి, తరవాత ఇంటికి పంపారు. ఎందుకు ఉంచారో, ఎందుకు వదిలారో కారణం చెప్పలేదు. అదే సాయంకాలం తల్లికి, "జెరాల్డ్ నేరాన్ని గురించి సోమవారం పదకొండుగంటలకు మళ్ళీ విచారణ," అని మామూలు కాగితంమీద రాసిన చిన్న చీటీ ఒకటి వచ్చింది.

జూన్ 15న రెండోసారి విచారణ జరిగింది. తల్లి ఒకే ఒక కోరిక కోరింది: "ఫిర్యాదు చేసినావిణ్ణి పిలిపించండి. ఇద్దరు కుర్రవాళ్ళలో మాట్లాడినది ఎవరో ఆవిణ్ణే చెప్పనివ్వండి." ఆవిడ రానవసరం లేదన్నాడు న్యాయాధిపతి. అసలు ఆయన ఆవిడతో ఒక్కసారైనా మాట్లాడలేదు. అధికారి ఒకరు టెలిఫోనులో ఒక్కసారి మాట్లాడారు, అంతే.

తీర్పు ఏమిటో తెలుసునా? జెరాల్డ్‌కు ఇరవయ్యొక్క ఏళ్ళు నిండేదాకా ప్రభుత్వంవారి పారిశ్రామిక పాఠశాలలో ఉంచాలి. ఈలోపల చట్టప్రకారం విడుదల చేస్తే చెయ్యవచ్చు. అంటే ఆరేళ్ళదాకా అన్నమాట. జెరాల్డ్ అంతకు ముందు ఒకసారి, పర్సు దొంగిలించిన మరొక కుర్రవాడి వెంట ఉన్నందుకు, ఆరు నెలలపాటు అధికారుల పరిశీలనలో ఉన్న మాట నిజమే. కాని ఈ టెలిఫోను పని ఒక పెద్దవాడు చేసి ఉంటే, ఆ రాష్ట్రపు చట్టప్రకారం పడే శిక్ష అయిదు మొదలు యాభై డాలర్లదాకా జరిమానా, లేదా రెండు నెలలకు మించని ఖైదు. పెద్దవాడికి రెండు నెలలు, పిల్లవాడికి ఆరేళ్ళు! అది కూడా "రక్షణ" అనే పేరుతో.

ఎవరి మాట నిజం?

అరిజోనాలో పిల్లల కోర్టు తీర్పుమీద అప్పీలు చేసుకునేందుకు చట్టం ఒప్పుకోలేదు. జెరాల్డ్ తల్లిదండ్రులు ధనవంతులు కారు. కాని వారు ఊరుకోలేదు. అమీలియా లూయిస్ అనే ఆమె అరిజోనాలో ప్లీడరుగా ఉండేది. ఆమె ఈ కేసు చేపట్టింది.

అప్పీలు లేనిచోట కూడా ఒక దారి ఉంటుంది. దాని పేరు హెబియస్ కార్పస్. ఇది లాటిన్ మాట. ఒక మనిషిని ఎవరైనా నిర్బంధించినప్పుడు, "ఆ మనిషిని మా ముందుకు తీసుకురండి, ఏ చట్టప్రకారం నిర్బంధించారో చెప్పండి," అని కోర్టు ఇచ్చే ఆజ్ఞ అది. మన దేశంలోనూ హైకోర్టులకూ, సుప్రీంకోర్టుకూ ఈ అధికారమున్నది.

ఆగస్టు 17న ఈ పిటిషన్ మీద విచారణ జరిగింది. అప్పుడొక చిత్రం బయటపడింది. జూన్ నెలలో ఆ గదిలో జెరాల్డ్ ఏమన్నాడు? "నేను నంబరు తిప్పి ఇచ్చానంతే, మాట్లాడినది నా స్నేహితుడు," అన్నాడని తల్లి చెప్పింది. తప్పు ఒప్పుకున్నాడని అధికారి చెప్పాడు. ఒకటిరెండు మాటలు అన్నట్టు ఒప్పుకున్నాడని న్యాయాధిపతి చెప్పాడు. రెండోరోజు విచారణలో మాత్రం కుర్రవాడు ఒప్పుకోలేదని అధికారే అన్నాడు. న్యాయాధిపతి మాత్రం కొంత ఒప్పుకున్నట్టే తనకు జ్ఞాపకమన్నాడు.

వీరిలో ఎవరూ అబద్ధమాడి ఉండరు. రెండు నెలల కిందట విన్న మాటలు ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా జ్ఞాపకమున్నాయి. రాసిన కాగితం ఒక్కటి ఉంటే ఈ చిక్కే లేదు. ఒక పిల్లవాడి ఆరేళ్ళ జీవితం ఇలా పెద్దవాళ్ళ జ్ఞాపకశక్తి మీద ఆధారపడింది.

అయినప్పటికీ అక్కడి కోర్టు పిటిషన్ కొట్టేసింది. అరిజోనా రాష్ట్రపు సుప్రీంకోర్టు కూడా అదే సరి అన్నది. కేసు దేశరాజధాని వాషింగ్టన్‌కు, అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1966 డిసెంబరు 6న అక్కడ నార్మన్ డార్సన్ అనే న్యాయవాది జెరాల్డ్ తరపున వాదించాడు.

నాలుగు రక్షణలు

1967 మే 15న తీర్పు వచ్చింది. దాన్ని రాసినది న్యాయమూర్తి ఏబ్ ఫోర్టాస్. ఈయనను గురించి ఒక సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట, 1963లో, క్లారెన్స్ గిడియన్ అనే బీద ఖైదీ కేసు ఇదే సుప్రీంకోర్టుకు వచ్చింది. ప్లీడరును పెట్టుకునే తాహతు తనకు లేదనీ, కోర్టు ఇవ్వలేదనీ, అది అన్యాయమనీ గిడియన్ జైల్లోంచి పెన్సిలుతో అర్జీ రాసుకున్నాడు. అప్పుడు గిడియన్ పక్షాన వాదించి గెలిచిన ప్లీడరు ఈ ఫోర్టాసే! ఆ తీర్పుతో, పెద్ద నేరం మోపబడిన ప్రతి బీదవాడికీ ప్రభుత్వమే ప్లీడరును ఇవ్వవలసివచ్చింది. ఇప్పుడాయన న్యాయమూర్తి అయి, పిల్లలకు కూడా ఆ హక్కు ఉన్నదని చెప్పాడు.

పిల్లవాడైనంత మాత్రాన న్యాయం నియమం లేకుండా నడవటానికి వీల్లేదని కోర్టు తేల్చింది. పిల్లవాణ్ణి ఇంటినుంచి తీసి ఏదో ఒక సంస్థలో నిర్బంధించే అవకాశం ఉన్నప్పుడు, విచారణలో ఈ నాలుగూ ఉండి తీరాలన్నది:

మొదటిది, నేరమేమిటో ముందుగా చెప్పటం. "నువ్వు చెడ్డపిల్లవాడివి," అంటే చాలదు. ఏనాడు, ఎక్కడ, ఏం చేశాడంటున్నారో రాతమూలకంగా పిల్లవాడికీ, తల్లిదండ్రులకూ తెలియజెయ్యాలి. జవాబు ఆలోచించుకునేందుకు వ్యవధి ఉండాలి.

రెండోది, ప్లీడరు. తల్లిదండ్రులకు ప్లీడరును పెట్టే శక్తి లేకపోతే కోర్టే ఏర్పాటు చెయ్యాలి. న్యాయాధిపతి గాని, ప్రొబేషన్ అధికారి గాని ఆ పని చెయ్యలేరు. పట్టుకున్నవాడూ, నేరం మోపినవాడూ, కాపాడేవాడూ ఒకడే ఎలా కాగలడు?

మూడోది, సాక్షులను ఎదుట నిలిపి ప్రశ్నించటం. చాటున ఎవరో ఏదో చెప్పారంటే కుదరదు. చెప్పినవారు కోర్టుకు వచ్చి ప్రమాణం చేసి చెప్పాలి. పిల్లవాడి తరపువారు వారిని ప్రశ్నలడగవచ్చు.

నాలుగోది, తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పనవసరం లేకపోవటం. ఈ చివరిది మొదట వింటే వింతగా ఉంటుంది. తప్పు చేస్తే ఒప్పుకోవాలని గదా ఇంట్లో చెబుతారు! నిజమే. కాని, తెలియని పెద్దవాళ్ళ మధ్య, తలుపులు మూసిన గదిలో, తల్లి పక్కన లేకుండా పిల్లవాణ్ణి గుచ్చిగుచ్చి అడిగితే, భయంచేత చెయ్యని తప్పు కూడా చేశానంటాడు. "ఒప్పుకుంటే ఇంటికి పంపేస్తాం," అంటే ఏదైనా ఒప్పుకుంటాడు. అందుకనే, పిల్లల ఒప్పుకోళ్ళను పెద్దవాళ్ళవాటికన్నా ఎక్కువ జాగ్రత్తగా చూడాలని కోర్టు అన్నది.

తొమ్మిదిమంది న్యాయమూర్తుల్లో ఒకరు కొంత ఒప్పుకుని కొంత ఒప్పుకోలేదు. పాటర్ స్టూవర్ట్ అనే ఆయన మాత్రం తీర్పును పూర్తిగా వ్యతిరేకించాడు. ఆయన పిల్లలంటే గిట్టనివాడు కాడు. ఆయన భయం వేరు. పిల్లల కోర్టును పెద్దల కోర్టులాగా చేస్తే, శిక్షలు కూడా పెద్దల శిక్షలే అవుతాయేమోనన్నాడు. పంతొమ్మిదో శతాబ్దంలో న్యూజెర్సీలో పన్నెండేళ్ళ కుర్రవాడికి నియమాలన్నీ పాటించి, చట్టబద్ధంగా మరణశిక్ష వేసిన సంగతి ఆయన గుర్తుచేశాడు.

ఈ మాటలో కూడా సత్యమున్నది. నియమాలుండి దయ లేకపోతే పన్నెండేళ్ళవాడు ఉరికంబమెక్కాడు. దయ అనే పేరుండి నియమాలు లేకపోతే పదిహేనేళ్ళవాడు ఆరేళ్ళకు ఇల్లు విడిచిపోవలసివచ్చింది. కావలసినది రెండూను. తమ తీర్పువల్ల దయకు లోటు రాదని ఫోర్టాస్ అన్నాడు: పిల్లవాడి పేరు రహస్యంగా ఉంచటమూ, వాణ్ణి వేరుగా ఉంచటమూ, బాగుచెయ్యాలని చూడటమూ మానమని తాము అనటం లేదు. పైగా, తనను న్యాయంగా విచారించారని తెలిసిన పిల్లవాడే త్వరగా బాగుపడతాడు. మోసపోయానన్న కసి ఉన్నవాడు ఏ పాఠశాలలో పెట్టినా బాగుపడడు.

ఆ తరవాత 1970లో మరొక తీర్పు వచ్చింది. న్యూయార్కులో పన్నెండేళ్ళ కుర్రవాడు ఒక స్త్రీ పర్సులోంచి 112 డాలర్లు దొంగిలించాడని కేసు. అనుమానానికి తావులేకుండా రుజువైతేనే పిల్లవాణ్ణి దోషి అనాలని సుప్రీంకోర్టు చెప్పింది. 1971లో మాత్రం, పిల్లల కోర్టులో జూరీ ఉండి తీరాలన్న నియమం లేదన్నది.

మన దేశంలో

మన దేశంలో పిల్లలకోసం ప్రత్యేక చట్టం చేయటంలో మొదటి అడుగు వేసినది మద్రాసు రాష్ట్రం. మద్రాసు బాలల చట్టం 1920లో వచ్చింది. కోస్తా జిల్లాలూ, రాయలసీమా అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేవి గనక, ఆ చట్టం తెలుగు పిల్లలకు కూడా వర్తించింది. తరవాత 1922లో బెంగాలూ, 1924లో బొంబాయీ ఇలాంటి చట్టాలు చేశాయి.

స్వాతంత్ర్యం వచ్చాక మన రాజ్యాంగం, అరెస్టయిన ప్రతివారికీ కారణం చెప్పాలనీ, ప్లీడరును కలుసుకోనివ్వాలనీ, ఇరవైనాలుగు గంటలలోపల మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలనీ ఇరవైరెండో అధికరణంలో చెప్పింది. నేరం మోపబడిన ఎవరినీ తనకు వ్యతిరేకంగా సాక్ష్యమివ్వమని బలవంతపెట్టకూడదని ఇరవయ్యో అధికరణంలో చెప్పింది. ఈ అధికరణాల్లో "పెద్దవారికి మాత్రమే" అన్న మాట ఎక్కడా లేదు.

1989లో ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒడంబడికను ఆమోదించింది. 1992లో మన దేశం అందులో చేరింది. పిల్లల న్యాయానికి సంబంధించి పార్లమెంటు 1986లో ఒక చట్టమూ, 2000లో మరొకటీ చేసింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015లో చేసినది. అది 2016 జనవరి 15నుంచి అమలులోకి వచ్చింది.

ఈ చట్టప్రకారం, పద్ధెనిమిదేళ్ళు నిండనివారంతా పిల్లలే. పిల్లలను విచారించేది బాలల న్యాయ మండలి. అందులో ఒక మేజిస్ట్రేటూ, ఇద్దరు సంఘసేవకులూ ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. పిల్లవాణ్ణి పోలీసు లాకప్పులో గాని, జైల్లో గాని పెట్టకూడదు. పట్టుకున్న వెంటనే తల్లిదండ్రులకు తెలియజెయ్యాలి. ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, ఇరవైనాలుగు గంటలలోపల మండలి ముందు హాజరుపరచాలి. సాధారణంగా జామీనుమీద వదిలిపెట్టాలి. వదిలితే పిల్లవాడికే అపాయమనో, చెడు సావాసంలో పడతాడనో, న్యాయానికి భంగమనో తోస్తేనే వదలకుండా ఉండవచ్చు, ఆ కారణం రాసిపెట్టాలి. పిల్లవాడి పేరు, ఫోటో, బడి వివరాలు పత్రికలు అచ్చువెయ్యకూడదు. మండలి తీర్పు నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చు.

ప్లీడరు మాటేమిటంటే, ఉచితంగా న్యాయసహాయం అందేట్టు చూడటం మండలి విధుల్లో ఒకటి. ప్రతి జిల్లాలోనూ న్యాయసేవాధికార సంస్థ ఉన్నది. 1987లో చేసిన చట్టప్రకారం, పిల్లలు ఎవరైనా సరే అక్కడ ఉచిత సహాయానికి అర్హులు. ఇంటి ఆదాయం ఎంత అని చూడరు. మరొక ముఖ్యమైన ఏర్పాటున్నది. విచారణ జరిగే భాష పిల్లవాడికి అర్థం కాకపోతే, అనువాదం చేసి చెప్పేవారిని ఏర్పాటు చెయ్యాలి. పనికోసం తల్లిదండ్రులతో బొంబాయికో, సూరత్‌కో వలసపోయిన తెలుగు పిల్లవాడికి ఇది ఎంత అవసరమో ఆలోచించండి. అడిగినది ఏమిటో తెలియనివాడు జవాబు ఏం చెబుతాడు?

ఒక్క సంగతి మాత్రం దాచకూడదు. పదహారేళ్ళు నిండినవారు అతి ఘోరమైన నేరం చేశారన్న ఆరోపణ వస్తే, వారి వయసూ, మనఃస్థితీ, పరిస్థితులూ పరీక్షించిన మీదట, పెద్దవారిలాగా విచారించే వీలు 2015 చట్టంలో ఉన్నది. ఇది మంచిదా కాదా అని పెద్దలు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. స్టూవర్ట్ భయానికీ, ఫోర్టాస్ ఆశకూ మధ్య జరిగిన వాదమే ఇక్కడా జరుగుతున్నదని మీరు గమనించవచ్చు.

ఎప్పుడైనా అవసరం వస్తే

మీకు గాని, మీ స్నేహితుడికి గాని ఇలాంటి ఆపద వస్తే పారిపోవద్దు. పేరూ, వయసూ, ఇంటి చిరునామా నిజం చెప్పండి. వయసు నిజం చెప్పటం చాలా అవసరం. పెద్దవాడిలాగా కనబడాలని ఎక్కువ చెప్పినవాడు తన రక్షణలను తానే పోగొట్టుకుంటాడు. "మా అమ్మకూ నాన్నకూ కబురు చెయ్యండి. ప్లీడరుతో మాట్లాడాలి," అని మర్యాదగా అడగండి. చదవకుండా ఏ కాగితంమీదా సంతకం పెట్టకండి. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098 అనే టెలిఫోను నంబరు పగలూ రాత్రీ పనిచేస్తుంది. దానికి డబ్బు ఖర్చు కాదు.

తల్లిదండ్రులు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పోలీసు కబురు రాగానే సిగ్గుతోనో, కోపంతోనో, "చేసినదేదో ఒప్పుకో!" అని పిల్లవాణ్ణి అందరి ఎదుటా కొట్టడం కొందరికి అలవాటు. గ్లోబ్ ఊరి తల్లి అలా చెయ్యలేదు. "ఫిర్యాదు చేసినావిణ్ణి పిలిపించండి," అని ఒక చిన్న న్యాయమైన కోరిక కోరింది. అది కాదన్నందువల్లనే ఆ కేసు అంతదూరం వెళ్ళింది.

ఇక ఈ నాలుగు నియమాలు కోర్టులకే పరిమితం కావు. మీ తరగతిలో ఒకరి పెన్ను పోయిందనుకోండి. ఎవరో ఒకరు, "వాడే తీసి ఉంటాడు, లోగడ కూడా తీశాడు," అంటారు. అందరూ వాడివంకే చూస్తారు. అటువంటప్పుడు కొంచెం ఆగండి. పోయినది ఏమిటో, ఎప్పుడు పోయిందో వాడికి సరిగా చెప్పారా? తీయగా చూసినది ఎవరు? చూసినవారు ఎదుటికి వచ్చి చెబుతున్నారా, లేక చాటున గుసగుసలేనా? వాడి పక్షాన మాట్లాడేందుకు ఒక్కరైనా ఉన్నారా?

ఎవరూ లేకపోతే, ఆ ఒక్కరూ మీరే కండి. వాడు తీసినా తీయకపోయినా సరే, వాడి మాట కూడా వినేట్టు చూడండి. చివరకు పెన్ను బెంచీ కింద దొరికినా దొరకవచ్చు!